తిత్తిలో నీళ్ల బుగ్గ

ఎక్స్‌రే గదిలోకి వచ్చిన మనిషి ముందు చొక్కా విప్పలేదు. చేతిసంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ఖాళీ మందుగోలీల అట్టలు గలగలా కుప్పపడ్డాయి. కొన్ని ఎర్రవి, కొన్ని వెండి రంగువి. నలిగిన అట్టలను కూడా అరచేత్తో సాపు చేసి దాచినట్టున్నాడు.

"జూడు బిడ్డా. ఎనిమిది నెలలయి. ఒక్క గోలి గూడ ఇడ్సిపెట్టలే. నేను మందులు మింగుతలేనని సారు అంటుండు. నువ్వన్న జెప్పు."

నాగరాణి నల్లగొండ బస్టాండు వెనక గల్లీలోని ఈ ప్రైవేటు దవాఖానలో పదకొండేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తోంది. తాయెత్తు విప్పమంటే కొట్లాటకొచ్చినవాళ్లను చూసింది, మిషను చప్పుడుకే బెదిరి బయటికి ఉరికినవాళ్లను చూసింది. మింగిన మందుల అట్టలను సాక్ష్యంగా మోసుకొచ్చిన మనిషిని మాత్రం ఇదే చూడటం.

"నేను ఫొటో తీసేదాన్నే బాపూ. నేను జెప్తె సారు ఇంటడా?" అంది.

పేరు ఐలేశం. తిరుమలగిరి అవతల పల్లె. యాభై అయిదేళ్లుంటాయి. ఒళ్లంతా ఎండిపోయింది గానీ భుజాలు మాత్రం ఇంకా గొర్రెపిల్లల్ని మోసిన భుజాలే. గొంగడి మడత, చేతికర్ర, కాళ్లకు టైరు చెప్పులు. చూడగానే గొల్లాయన అని తెలిసిపోతుంది. నాగరాణిదీ ఆ కులమే కాబట్టి ఆమెకు మరీ తొందరగా తెలిసింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడవారగా గొంతుక్కూర్చుని రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"కుర్చీల కూసో బాపూ."

"వద్దు బిడ్డా. నాది అంటురోగం."

తలుపు దగ్గర నిలబడ్డ ఆయన భార్య బీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంట్ల గూడ గిట్లనే మేడం. ఎనిమిది నెలల సంది దొడ్డి పక్కన గుడిసెల పంటుండు. కంచం వేరు, చెంబు వేరు. మనుమరాలు తాతా అని ఉరికొస్తె మా కోడలు రెక్కవట్టి గుంజుకపోతది. గా పిల్ల ఆడ ఏడుస్తది, ఈయన ఈడ ఏడుస్తడు."

"ఊకో," అన్నాడు ఐలేశం. "ఊరంత ఎరుక జేస్తవా?"

నాగరాణి చీటీ చూసింది. డాక్టర్ నవీన్‌కుమార్ చేతిరాత. ఛాతీ ఎక్స్‌రే ఒకటి. దాని కింద, రేపు పదకొండు గంటలకు కుడివైపు సూది పెట్టి నీళ్లు తీయాలి, అని ఉంది. పాత కాగితాలూ జతచేసి ఉన్నాయి. కఫం మూడుసార్లు పరీక్షించారు, మూడుసార్లూ టీబీ పురుగు కనబడలేదు. అయినా ఫొటోలో ఊపిరితిత్తి మీద రంధ్రంలాంటి బొక్క కనబడింది కాబట్టి టీబీ అని రాసేశారు. ఆ బొక్క మందులకు మూసుకోలేదు కాబట్టి మనిషే మందులు మింగడం లేదని తేల్చేశారు. ఎంత సులువుగా తేల్చారో! ఎనిమిది నెలలు ఒక మనిషి తన ఇంట్లోనే పరాయివాడై బతికాడు.

ఆమె ఆయన్ని స్టాండు ముందు నిలబెట్టింది. మెడలో వెండి బిళ్ల తీయించింది, మోచేతులు ముందుకు మడిపించింది, గడ్డం పైకి ఎత్తించింది. గాలి గట్టిగా పీల్చమంటే సగం పీల్చేసరికే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మూడోసారికి ఫొటో పడింది.

ప్లేటును రీడర్‌లో పెట్టి తెర ముందు కూర్చుంది. బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా తేలింది. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో బత్తాయి పండంత గుండ్రటి బొక్క. పైసగం గాలి, నల్లగా. కిందిసగం నీళ్లు, తెల్లగా.

ఆమెకు పని నేర్పిన గుర్వయ్య సారు, ఇప్పుడు రిటైరైన ఎక్స్‌రే డాక్టరు, ఒక్కో ఫిల్మునూ వెలుగుపెట్టెకు తగిలించి చెప్పేవాడు. "బొక్క కనవడంగనే టీబీ అనకు నాగరాణీ. దాని గోడ జూడు, లోపలేముందో జూడు, సుట్టుపక్కల జూడు. టీబీ బొక్క ఎక్కువగ మీది దిక్కు ఉంటది, సుట్టూ మచ్చలుంటయి. గోడ మందంగ, ఎగుడుదిగుడుగ ఉంటె క్యాన్సరని భయపడాలె. చీముగడ్డల నీళ్లు గీత గీసినట్టు సాపుగ నిలవడతయి. బూజు ఉండయితే మనిషి పక్కకు తిరిగినప్పుడు అది గూడ దొర్లుతది. అన్ని బొక్కలూ ఒక్కతీరుగనే కనవడతయి, జూసేటోనికి ఓపిక లేకపోతె."

ఈ బొక్కకు గోడ సన్నగా, నున్నగా ఉంది. చుట్టూ ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది. నీళ్ల గీత మాత్రం సాపుగా లేదు. బకెట్లో వేసిన గుడ్డ నీళ్ల మీద ముడతలుగా తేలినట్టు వంకరటింకరగా ఉంది.

నాగరాణి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. చీటీలో ఒక్క ఫొటోయే రాశారు. రెండోది తీస్తే ఎవరు తీయమన్నారని అడుగుతారు. అడిగితే అడగనీ అనుకుంది.

"బాపూ, జర బల్ల మీద పక్కకు ఒరిగి పండు. కుడి చెయ్యి కిందికి."

ఆయన ఒరిగాడు. ఆమె వీపు వెనక ప్లేటు నిలబెట్టి, మిషను తలను ఛాతీకి ఎదురుగా దించి, బటను నొక్కి రెండడుగులు వేసిందో లేదో, ఐలేశానికి దగ్గు ముంచుకొచ్చింది. ఊపిరాడక బల్ల అంచు పట్టుకున్నాడు. ఆమె ఉరికి ట్రే పట్టింది. గుక్కెడు పలచటి నీళ్లు పడ్డాయి. వాటి వెనకే తెల్లటి తొక్క ఒకటి, ద్రాక్షపండు తోలంత, నీళ్లలో మెల్లగా విచ్చుకుంది.

నాగరాణి గ్లవుజు వేళ్లతో దాన్ని పైకెత్తింది. జారిపోతోంది, చిట్లడం లేదు.  ఈ తొక్క ఆమె చేతికి కొత్త కాదు. పానగల్ దగ్గరి వాళ్ల ఊళ్లో గొర్రె యాటను కోసినప్పుడల్లా దాని ఊపిరితిత్తిలో, కార్జంలో నీళ్ల బుగ్గలు కనబడేవి. బుగ్గలున్న తిత్తి కూరకు పనికిరాదు. చిన్నపిల్లప్పుడు అన్నలతో పోటీపడి వాటిని చిదిపేది. నీళ్లు చిమ్మాక లోపల మిగిలేది ఇదే తొక్క.

"ఇది ఎప్పటి సంది పడుతుంది బాపూ?"

ఐలేశం ముఖం నల్లబడింది. "ఏముంది బిడ్డా, తెమడ," అని రుమాలుతో మూతి తుడుచుకుని తల తిప్పుకున్నాడు. బీరమ్మ గోడకేసి చూస్తూ నిలబడింది. ఇద్దరూ ఏదో దాస్తున్నారని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

ఈలోగా రెండో బొమ్మ తేలింది. మనిషి పక్కకు ఒరిగితే నీళ్లూ ఒరిగాయి, ముడతలు నీళ్ల మీదే తేలుతున్నాయి. గుర్వయ్య సారు ఒకే ఒక్కసారి ఇలాంటి ఫిల్ము చూపించి, వేలితో గాజు మీద కొట్టి మరీ చెప్పాడు. "దీన్ల మాత్రం సూది గుచ్చొద్దు. లోపలి నీళ్లు ఒంట్లె కలిస్తె మనిషి టేబుల్ మీదనే పోవచ్చు."

చీటీలో రేపు పదకొండు గంటలని రాసి ఉంది.

డాక్టర్ గది ముందు నలభై మంది ఉన్నారు. రిసెప్షనిస్టు ఆపుతున్నా వినకుండా నాగరాణి లోపలికి వెళ్లింది. ఒక చేతిలో రెండు ఫిల్ములు, ఇంకో చేతిలో మూత పెట్టిన పరీక్ష డబ్బా.

నవీన్‌కుమార్ ఒక ముసలమ్మ వీపు మీద స్టెతస్కోపు ఆనించి వింటున్నాడు. వయసు ముప్పై అయిదు దాటదు. చెడ్డవాడేం కాదు. పేదవాళ్లను కసరడు, పనిలో తెలివైనవాడు. కాకపోతే తొందర. ఒక మనిషిని చూస్తుండగానే తర్వాతి మనిషి కాగితం చేతిలోకి వచ్చేస్తుంది.

"సార్, ఐలేశం అని, రేపు సూది రాసిండ్రు. జర ఇవి చూడుండ్రి."

ఆయన ఒక ఫిల్ము పైకెత్తి చూసి దించాడు. "తెలుసు కదా. బొక్క మూసుకోలేదు. ఇది రెండోది ఎవరు తీయమన్నారు?"

"నేనే తీసిన సార్. నీళ్ల మట్టం సాపుగ లేదు. లోపల తొక్క తేలుతుంది. నా ముందరనే దగ్గులో పడ్డది, డబ్బాల పెట్టిన. గొర్ల తిత్తుల ఉండే నీళ్ల బుగ్గ సార్ ఇది. గుర్వయ్య సారు..."

"నాగరాణీ," అన్నాడు డాక్టరు చాలా నెమ్మదిగా. "టీబీ మందులకు తగ్గలేదంటే అది చీముగడ్డ కావాలి, లేదంటే క్యాన్సర్. రెండింట్లో ఏదైనా నీళ్లు తీస్తేనే తెలుస్తుంది. నువ్వు ఫొటోలు తీస్తావా, రిపోర్టులు కూడా రాస్తావా?"

ముసలమ్మ వెంట వచ్చిన కొడుకు పకపకా నవ్వాడు. 

"సూది గుచ్చితె మనిషి పోతడు సార్."

గదిలో నవ్వు ఆగింది. పేషెంట్ల ముందు అనకూడని మాట అది. నవీన్‌కుమార్ పెన్ను కింద పెట్టాడు. "బయటికి నడువు. మళ్లీ పిలిస్తేనే రా."

ఆమె నడిచింది. పోతూ పోతూ ఫిల్ములనూ డబ్బానూ ఆయన బల్ల మీదే వదిలేసింది. వరండాలో ఐలేశం మందుల అట్టలను ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంటున్నాడు. "సారు ఇన్నడా బిడ్డా?" అని ఆశగా అడిగాడు. నాగరాణికి ఏడుపొచ్చినంత పనైంది. "ఇంటడు బాపూ," అని మాత్రం అనగలిగింది.

తెల్లారి పదిన్నరకే ఐలేశాన్ని చిన్న ఆపరేషన్ గదిలో బల్ల అంచున కూర్చోబెట్టారు. ముందు దిండు, దాని మీద మోచేతులు. నర్సు మల్లీశ్వరి వీపుకు కుడివైపు అయోడిన్ పూసింది. పసుప్పచ్చని వీపు మీద పక్కటెముకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. ట్రేలో పొడుగాటి సూది, మూడు సీసాలు.

నాగరాణిని ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా ఎక్స్‌రే గదికి తాళం వేసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఉద్యోగం పోతే పోయింది. కళ్ల ముందు మనిషి పోతుంటే చూస్తూ కూర్చోలేదు కదా!

నవీన్‌కుమార్ గ్లవుజులు తొడుక్కుని వచ్చాడు. రాత్రి సరిగా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమెను చూశాడు గానీ పొమ్మనలేదు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి పేషెంటు ముందు వంగాడు.

"పెద్దాయనా, ఒక్క మాట. దగ్గినప్పుడు నోట్లో నీళ్లు ఉప్పగా ఉంటాయా? తొక్కల్లాంటివి ఏమైనా పడుతున్నాయా?"

ఐలేశం కళ్లు బీరమ్మ వైపు తిరిగాయి. బీరమ్మ తల దించుకుంది.

"లే సారూ. అసొంటియేం పడలే."

"ఎప్పుడూ పడలేదా?"

"ఎన్నడు లే."

డాక్టరు నిటారుగా నిలబడ్డాడు. ఆ ముఖంలో ఇంకా అనుమానమే ఉందని నాగరాణికి తెలిసింది. డబ్బాలో తొక్క చూశాడు, పుస్తకం కూడా తిరగేసినట్టున్నాడు. అయినా రోగి నోటిమాట రాలేదు. డబ్బాలోది తెమడే కావచ్చు, ఆమె భ్రమ కావచ్చు. ఆయన చెయ్యి ట్రే వైపు పోయింది.

నాగరాణి లోపలికొచ్చి ఐలేశం ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది.

"బాపూ, నాకెల్లి జూడు. అబద్ధం ఎందుకాడుతున్నవు? నిన్న నా చేతులనే పడ్డది గదా."

ఆయన కళ్లు తిప్పుకున్నాడు.

"నేను గూడ గొల్లోల్ల బిడ్డనే. పానగల్ కాడ మా అయ్యకు నూరు జీవాలున్నయి. యాటను కోసినంక బుగ్గలున్న తిత్తి మీరేం జేస్తరు? కుక్కకెయ్యరా?"

ఐలేశం కనుబొమలు ఎగిరాయి. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "కుక్కకు కాకపోతె ఎవలికేస్తం? రాత్రంత మందను కాసేది అది. దాని వంతు దానికే పడాలె, మన తిండి తర్వాతనే."

"మా ఇంట్ల గూడ గంతే. మొన్న పెద్దగట్టు జాతరకు కోసిన యాట తిత్తి నా బిడ్డ వర్షితనే ఏసింది, దాని సేతులతోని. ఏసి కుక్క మెడ సుట్టూ సేతులేసుకొని కూసున్నది..."

 ఏం మాట్లాడుతోందో తనకే అప్పుడు వినబడింది. ఐలేశం చెయ్యి పట్టుకుంది.

"నిజం జెప్పు బాపూ. నీకు దండం పెడత."

ఐలేశం దిండు మీద తల ఆనించి, చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు.

"పడుతుంది బిడ్డా. నెల సంది పడుతుంది. ఉప్పునీళ్లు పడతయి, తొక్కలు పడతయి. నా తిత్తే ముక్కలు ముక్కలయి పడుతుందనుకున్న. జెప్తె ఇగ అయిపోయింది, ఇంటికి తీస్కపోండ్రి అంటరని భయమైంది. మా ఇంటిది పొద్దున లేవంగనే బూడిద కప్పి దొడ్డెనక పాతిపెడుతుంది."

బీరమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. "నేనే చెప్పొద్దన్న సారూ. నేనే పాతిపెట్టిన," అంది. "నా మొగడు పోతడని..." మిగతా మాట బయటికి రాలేదు.

నవీన్‌కుమార్ గ్లవుజులు విప్పి ట్రేలో పడేశాడు. సూదిని మల్లీశ్వరి తీసుకుపోయేదాకా దానికేసి చూడలేదు. చొక్కా కాలరు దగ్గర చెమట పట్టింది. స్టూలు లాక్కుని ఐలేశం పక్కనే కూర్చున్నాడు, ఎనిమిది నెలల్లో మొదటిసారి.

"నీది టీబీ కాదు పెద్దాయనా," అన్నాడు. "అంటురోగం కాదు. నీ నుంచి ఎవరికీ రాదు. నీ మనుమరాలిని ఎత్తుకోవచ్చు. తప్పు నాది."

తర్వాత అంతా చెప్పాడు. గొర్రె తిత్తిలోని ఆ బుగ్గలో కంటికి కనబడని పురుగు పిల్లలుంటాయి. కుక్క దాన్ని తింటే అవి దాని కడుపులో పెరిగి గుడ్లు పెడతాయి. గుడ్లు కుక్క దొడ్డికి పోయినప్పుడు బయటపడి, మట్టికి, దాని వెంట్రుకలకు అంటుకుంటాయి. కుక్కను ముద్దు చేసిన చేత్తోనే అన్నం తింటే మన కడుపులోకి పోతాయి. అక్కడినుంచి తిత్తిలోనో కార్జంలోనో చేరి మళ్లీ బుగ్గవుతుంది. ఏళ్లకేళ్లు నొప్పి ఉండదు, ఏమీ ఉండదు. ఐలేశం తిత్తిలో అది చిట్లి సగం నీళ్లు పోయాయి కాబట్టే ఫొటోలో బొక్కలా కనబడింది. మిగిలిన నీళ్లు ఒంట్లో కలవకముందే హైదరాబాదులో ఆపరేషన్ చేసి తీయాలి.

"నా కుక్కలేం పాపం జేసినయి సారూ? ఊళ్లె తెలిస్తె కొట్టి సంపుతరు," అన్నాడు ఐలేశం.

"చంపొద్దు. పురుగుల మందు వేయించండి. బుగ్గలున్న తిత్తి కుక్కకు వేయకుండా లోతుగా పాతిపెట్టండి. చేతులు కడుక్కోండి."

నాగరాణి ఇవేవీ సరిగా వినలేదు. లేచి వరండాలోకి వచ్చి కుళాయి తిప్పి, చేతులు చాలాసేపు కడుక్కుంది.

ఆ మధ్యాహ్నమే ఐలేశాన్ని అంబులెన్సులో పంపారు. డాక్టరే చీటీ రాసి, హైదరాబాదులో తనకు తెలిసిన సర్జనుకు ఫోను చేశాడు. అంబులెన్సు ఎక్కుతూ ఐలేశం బీరమ్మ చెంబులోంచి నీళ్లు తాగాడు. ఆమె అదే చెంబును నోటికెత్తుకుని మిగిలిన నీళ్లు తాగింది. వరండాలో ఎవరికీ అది పట్టలేదు. నాగరాణికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

శనివారం సాయంత్రం నాలుగింటికి, పేషెంట్లు పలచబడ్డాక, నవీన్‌కుమార్ ఎక్స్‌రే గదికి వచ్చాడు. పదకొండేళ్లలో రోగుల్ని చూసే ఏ డాక్టరూ ఆ గదిలోకి నడిచి రాలేదు.

"ఫోనొచ్చింది. పొద్దున ఆపరేషన్ అయింది. బత్తాయి పండంత సంచి తీశారట. మనిషి మాట్లాడుతున్నాడు."

"మంచిది సార్," అంది నాగరాణి. పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలింది గానీ ముఖం తేటపడలేదు.

ఆయన వెంటనే పోలేదు. గోడకు తగిలించిన సీసం కోటును కాసేపు చూశాడు. "నాగరాణీ, ఆ రోజు నువ్వు మీ ఇంటి సంగతి చెప్పావు..."

"రెండు దినాల సంది గదే సోచాయిస్తున్న సార్. నాకు దగ్గు లేదు, నొప్పి లేదు. అయినా ఒక ఫొటో తీసుకుందామని. ఎవరన్న బటను నొక్కాలె గదా."

"నేను నొక్కుతాను. ఏది నొక్కాలో చెప్పు."

"ఎడమ దిక్కుది. ముందుగాల సగమే నొక్కుండ్రి. లోపల తిరిగే సప్పుడు ఇనవడ్డంక మొత్తం నొక్కుండ్రి."

డాక్టరు సీసం కోటు తొడుక్కుని అద్దం వెనకకు పోయాడు. నాగరాణి పుస్తెలు తీసి జేబులో వేసుకుంది, జడ పైకి ముడిచింది. ప్లేటుకు ఛాతీ ఆనించింది. అబ్బా, ఎంత చల్లగా ఉందో! ఇన్నేళ్లుగా వేలమంది భుజాలు పట్టి దీనికి అదిమింది, ఒక్కరికైనా చల్లగా ఉంటుంది సుమా అని చెప్పలేదు. మిషను గుర్రుమంది, టక్కుమంది.

ప్లేటును రీడర్‌లో తనే పెట్టింది. ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు. తన పేరు, వయసు, దాని కింద తన పక్కటెముకలు ఒక్కొక్కటే తేలాయి.

"ఏం లేనట్టే ఉంది," అని మొదలుపెట్టిన డాక్టరు మధ్యలోనే ఆగిపోయాడు. నాగరాణి అప్పటికే చూసింది. గుండె నీడ వెనక, సగం దాక్కుని, నిమ్మకాయంత తెల్లటి గుండ్రటి మచ్చ.

ఆమె తెరకు దగ్గరగా వంగింది. ఆ తర్వాత ఎవరో పరాయి మనిషి ఫిల్ము చదువుతున్నట్టు చదివింది. "గుండె ఎనక ఉంది సార్. అంచు నున్నగ ఉంది. లోపల గాలి లేదు, మొత్తం నీళ్లే. ఇంక పలగలే."

"ఇది ఒక్కటి చూసి ఏదీ అనలేం. సోమవారం సీటీ తీద్దాం," అన్నాడు నవీన్‌కుమార్ గబగబా. "అదే అయినా చిన్నది. మందులున్నాయి, అవసరమైతే ఆపరేషన్. భయపడకు."

"నాది సోమవారం జూద్దాం సార్."

ఆమె స్టాండు మర పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. ప్లేటు కిరకిరమంటూ కిందికి దిగుతోంది. తన ఛాతీ ఎత్తు నుంచి నడుము ఎత్తుకు, ఇంకా కిందికి.  తొమ్మిదేళ్ల పిల్ల ఎత్తుకు ప్లేటు వచ్చాక ఆమె బిగించి, తలుపు తీసింది. వరండా బెంచీ మీద స్కూలు సంచి ఒళ్లో పెట్టుకుని వర్షిత కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది.

"లోపలికి రా బిడ్డా," అంది నాగరాణి. "ఏం గాదు. జర సల్లగ ఉంటది, గంతే."